నారయ్య తాత సద్ది

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 11

అత్తమ్మకు,

వందనాల కంటే ముందు తిట్లు తీసుకో. ఫోన్ చేస్తే ఎత్తవు, ఎత్తినా నీకు వినపడదు. మెసేజ్ పెడితే నీ డబ్బా ఫోన్‌లో తెలుగు అక్షరాలన్నీ చిన్న చిన్న గళ్లై కనిపిస్తాయంటావు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు అడిగాను. కౌంటర్ వెనకున్నాయన "ఏం బిడ్డా, కోర్టు నోటీసా?" అన్నాడు. మా మేనత్తకు ఉత్తరం అంటే నమ్మలేదు.

అమ్మ గురించి రాస్తున్నాను. నాకు భయంగా ఉంది అత్తమ్మా.

పోయిన వారం యాచారం దిక్కు ఒక లేగదూడను చిరుత ఎత్తుకుపోయింది. పుకారే అనుకున్నాం. తర్వాత ఫోటో వచ్చింది. నారయ్య తాత షెడ్డు వెనకాల గుట్ట ఉంది కదా, ఆ గుట్ట మీద పడుకొని ఉంటే ఎవరో తీశారు. మొదటిసారి చూస్తే రాళ్లే కనిపిస్తాయి. రెండోసారి చూస్తే ఒక రాయికి కళ్లున్నాయి. అవి తీసేవాడినే చూస్తున్నాయి.

అమ్మ మాత్రం ఆ తాతకు సద్ది మోయడం ఆపలేదు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి, అన్నం, పప్పు, తొక్కు గిన్నెలో సర్దుకొని, పొద్దు వాలుతుండగా ఆటో ఎక్కుతుంది. వెంచర్ కమాను దగ్గర దిగి ఆ ప్లాట్ల మధ్య నుంచి ఒక్కతే నడుస్తుంది. తిరిగి వచ్చేసరికి మసక చీకటి. నేను వాకిట్లో నిలబడి, ఆటో చప్పుడు విన్న ప్రతిసారీ మెడ చాపి చూస్తుంటాను.

ఎందుకు పోతుందో నీకు చెప్పక్కర్లేదు. కరోనా రెండో ఏడు బాపు పోయిన నాడు శ్మశానం గేటుకు తాళం వేశారు. మన చర్చి పెద్దలు కూడా ఫోన్‌లోనే ప్రార్థన చేసి పెట్టేశారు. నారయ్య తాత ఒక్కడు మూతికి తువ్వాల చుట్టుకొని ట్రాక్టర్ తెచ్చాడు. బాపు ఎప్పుడో ఆయన బోరు మోటారు బాగుచేసిన పరిచయం, అంతే. తన పొలంలోనే ఒక మూల గుంత తవ్వించి బాపును పెట్టించాడు. మన వాడ మనిషిని పొలంలో పెట్టుకున్నందుకు కొడుకు జగదీశ్వర్ తండ్రితో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అదే జగదీశ్వర్ పొలమంతా ప్లాట్ల కంపెనీకి అమ్మి, ఎల్బీనగర్‌లో ఇల్లు కొనుక్కొని పోయాడు. తాత సంతకం పెట్టాడు గాని షెడ్డు వదల్లేదు. ముసలాయన ఎన్నాళ్లుంటాడులే అని కంపెనీవాళ్లూ ఊరుకున్నారు.

నిన్న అమ్మతో గొడవ పెట్టుకున్నాను. "ఏడాదికోసారి కోత పండుగకు ఆయన పేరు మీద కానుక ఇయ్యి. క్రిస్మస్‌కు బట్టలు పెట్టు. అందరూ అట్లనే చేస్తరు కదా" అన్నాను.

"ఆయనకు ఏడాదికోసారే ఆకలైతదా?" అంది. గిన్నె మూత బిగిస్తూ, నా మొహం కూడా చూడకుండా.

నీ మాటైతే వింటుంది. సద్ది ఆపమని రాయి. నీకు దండం పెడతాను.

నీ
లీదియా

*

జోగిపేట,
ఆగస్టు 20

లీదియా బిడ్డకు,

నీ తిట్లు అందినయి, పదిలంగ దాస్కున్న. కొంగరకలాన్ ఫ్యాక్టరీల నౌకరికి రాసినవట గద, పిలుపు వచ్చిందా? రాకుంటె రాలేదని రాయి, నన్ను ఇంకొకరి నోట విననియ్యకు. విననియ్యకు అంటున్న చూడు, చెవుల్లేనిదాన్ని.

నేను మీ అమ్మకు ఆపు అని రాయను. నాకు భయం లేక కాదు. నీకన్న నాకే ఎక్కువ. ఇక్కడ హాస్టల్ల వంటపని అయ్యి, రాత్రి పిల్లలు పండుకున్నంక నేను గోడకు ఈపు ఆనిచ్చి పడుకుంట. ఎనక నుంచి ఎవలొచ్చినా నాకు తెల్వదు గద. నీకు చప్పుడు ఇని భయం. నాకు ఏ చప్పుడు లేక భయం.

గని మీ అమ్మ మాణిక్యం సంగతి నాకెరుక. తమ్ముడు బాలస్వామి పోయినంక ఆమె మంచం దిగలే. తినలే. నువ్వు పరీక్షల్ల ఉండి చూడలేదేమో. ఒకనాడు లేచి పొయ్యి ముట్టిచ్చి ఆ ముసలాయనకు సద్ది కట్టింది. ఆయనకు కట్టినంక మిగిలింది తను తిన్నది. ఆ సద్దితోనె ఆమె బతికింది. దాన్ని ఎట్ల ఆపుమంట?

ఆటో కిష్టాను షెడ్డు దాక తీస్కపొమ్మని బతిమాలుర్రి. లేకుంటె నువ్వు తోడు పో. డిగ్రీ చదివినవు, ఒక గిన్నె మొయ్యలేవా?

ఇంకొక్క మాట. ముసలాయనను అక్కడికెల్లి లేపుదామని ఎవ్వరన్న అంటె ఒప్పుకోకుర్రి. ముసలోల్లు జాగ మారితె నిలువరు. గంతే.

మీ అత్తమ్మ
అనంతమ్మ

*

ఇబ్రహీంపట్నం,
సెప్టెంబరు 14

అత్తమ్మా,

నీ మాట విని పోయాను.

ఫ్యాక్టరీ నుంచి పిలుపు రాలేదు. నువ్వు అడిగిన ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తున్నాను, ఇక ఆ మాట వదిలేయ్.

పక్కింటి భాగ్యక్క స్కూటీ అడిగి అమ్మను వెనక ఎక్కించుకున్నాను. ఆ వెంచర్‌ను నువ్వు చూడలేదు కదా. దారి మొదట్లో పెద్ద కమాను, దాని మీద సిమెంటు గుర్రాలు. లోపల రోడ్లున్నాయి, ఇళ్లు లేవు. కరెంటు స్తంభాలున్నాయి, వెలిగే బుగ్గలు లేవు. నడుము ఎత్తు గడ్డిలో తెల్ల సున్నం కొట్టిన హద్దు రాళ్లు, ఎటు చూసినా. మనుషులు రావాల్సిన చోట ఎవరూ రాకపోతే ఎట్లుంటుందో అట్లుంది. వాన పడి చివరి రోడ్డు బురదైంది. స్కూటీ జారుతోందని అమ్మ దిగి గిన్నె పట్టుకొని నడిచింది. నేను బండిని తోసుకుంటూ వెనక పోయాను.

తాత షెడ్డు ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి, "లీదియమ్మా, పులిని చూడనీకొచ్చినవా, నన్ను చూడనీకొచ్చినవా?" అన్నాడు.

"ముందు ఎవరు కనపడితే వాళ్లను, తాతా."

"నేనే కనపడ్డ. నీ నసీబు మంచిగున్నది."

"నసీబు నాది కాదు మామా, నీది" అంది అమ్మ. "ఆ పులి నిన్ను వాసన చూసి, గీన ఎండిపోయిండని వదిలిపెట్టింది."

ఆయన పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. అత్తమ్మా, అమ్మ అట్ల హాస్యమాడుతుందని నాకు తెలియదు. ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

తర్వాత ఆయన గిన్నె తెరిచి, అన్నం సగానికి విడదీసి, సగం ఒక రేకు పళ్లెంలో వేసుకొని షెడ్డు వెనక్కి పోయాడు. నేను వెనకే పోయి చూశాను. కుక్కలు. ఎర్రది, మొండితోకది, పిల్లలతో ఉన్న ఒక నల్లది, ఇంకా ఏవో. పొలాలు అమ్ముకొని పోయినవాళ్లు వదిలేసిన కుక్కలన్నీ అక్కడే చేరాయి. "మీ అమ్మ నాకు పెడ్తది, నేను వీటికి పెడ్త. నాకొక్కనికే పెట్టెటందుకు దేవుడు గింత అన్నం పంపిస్తడా?" అన్నాడు. అమ్మ ఇద్దరు మనుషుల అన్నం ఎందుకు కడుతుందో అప్పుడర్థమైంది. ఆమెకు తెలుసు.

తిరిగి బయలుదేరాం. ఎప్పుడూ అరిచే నెమళ్లు అరవడం లేదు. వెనక కుక్కలు ఒక్కసారి మొరిగి, అన్నీ కలిసి ఆగిపోయాయి. బురద దగ్గరికి వచ్చాక అమ్మ మళ్లీ దిగింది. నేను ఫోన్ లైటు వేసి దారి చూపిస్తున్నాను.

వచ్చేటప్పటి అమ్మ చెప్పుల ముద్రలు వరసగా ఉన్నాయి. ఒక ముద్ర మీద ఇంకో ముద్ర ఉంది. గుండ్రంగా, నా అరచేయంత. గోళ్ల గుర్తులు లేవు, కుక్కది కాదు. అమ్మ అడుగును సగం చెరిపి, దాని మీద పడింది.

అంటే మేము లోపలికి పోయిన తర్వాత అది ఆ దారి దాటింది. మేము నవ్వుకుంటున్నప్పుడు.

నేను లైటు ఆపేశాను. అమ్మకు చెప్పలేదు. "బండి ఎక్కు" అన్నాను. బండి స్టార్ట్ కాలేదు. మళ్లీ కొట్టాను. కాలేదు. అమ్మ నెమ్మదిగా పాట మొదలుపెట్టింది, చర్చిలో కానుకలు పట్టేటప్పుడు పాడేది. ఆమెకూ తెలిసిపోయిందని అప్పుడనుకున్నాను. బండి ఎప్పుడు కదిలిందో, కమాను ఎప్పుడు దాటామో గుర్తులేదు.

మళ్లీ అడుగుతున్నాను, సద్ది ఆపమని రాయి.

లీదియా

*

ఇబ్రహీంపట్నం,
అక్టోబరు 20

అత్తమ్మా,

నువ్వు రాయలేదు. ఇక నీ ఉత్తరం అక్కర్లేదు. అమ్మ సద్ది ఆపేసింది. ఆపించింది నేను.

అటవీ శాఖలో వాచర్ పరమేష్ అని ఉన్నాడు. గుట్ట కింద బోను పెట్టడానికి వచ్చాడు. ఆయనను బస్టాండు దగ్గర ఆపి, పులి అక్కడికే ఎందుకొస్తోందని అడిగాను. "కుక్కలంటె దానికి మస్తు ఇష్టం అక్కా. అవి ఏడ జమైతె ఆడికొస్తది. ఆ ముసలాయన కాడ కుక్కల మంద ఉన్నది. ఎవలు పెడుతున్నరో వాటికి అన్నం?" అన్నాడు.

ఎవరు పెడుతున్నారో నాకు తెలుసు. ఇంటికి వచ్చి ఆ మాట ఆగకుండా చెప్పేశాను. "అమ్మా, నీ అన్నానికి కుక్కలొస్తున్నయి. కుక్కలకు పులి వస్తున్నది. పులిని పిలుస్తున్నది నువ్వే" అన్నాను.

అమ్మ బియ్యం చాటలో పోసుకొని రాళ్లు ఏరుతోంది. చేయి ఆగింది. నా మాటల్లో ఒక్కదానికైనా ఎదురు చెబుతుందని చూశాను. చాటలో బియ్యం సగం తీసి మళ్లీ డబ్బాలో పోసింది. సద్ది గిన్నె కడిగి బోర్లించింది. తర్వాత లోపలికి పోయి తలుపు గడియ పెట్టుకుంది. ఇన్నాళ్లూ పులికి భయపడని మనిషి, ఆ రోజు నుంచి తన చేతులకు భయపడుతోంది. ఏది ఇవ్వాలన్నా ఆగి చూస్తుంది. భాగ్యక్క పిల్లకు జామకాయ ఇవ్వబోయి, పక్కన పెట్టేసింది.

నన్నే తాత దగ్గరికి పంపింది. "అమ్మకు కాలు నొప్పి, కొన్నాళ్లు రాదు" అని అబద్ధం చెప్పాను. "అట్లనా. వేడి నీళ్లు కాపుకొమ్మను. నాకు కంట్రోలు బియ్యం ఉన్నయి, పొయ్యి ఉన్నది, ఫికర్ చేయొద్దను" అన్నాడు. కుక్కల కోసమే పులి వస్తోందని కూడా చెప్పాను. తల ఊపాడు.

నిన్న కోత పండుగ. గుమ్మడికాయలు, వడ్ల మూటలు, కాళ్లు కట్టిన కోళ్లు బల్ల ముందు పెట్టారు. ఆరాధన తర్వాత ఎప్పటిలాగే వేలం పాట. ఒక నిమ్మకాయను ఇద్దరు కాంట్రాక్టర్లు పోటీపడి పాడుకున్నారు, ఆ ధరకు నిమ్మతోట వస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ప్రతి ఏడూ అందరూ వదిలేసిన చివరి కాయో, పగిలిన గుడ్డో పాడుకొని ఎవరికో ఇచ్చేది. నిన్న మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. పాస్టరయ్య నన్ను పిలిచి "అమ్మకు బాగలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

ఇప్పుడు సాయంత్రం అమ్మ ఇంట్లోనే ఉంటుంది. నేను వాకిట్లో నిలబడనక్కర్లేదు. అయినా ఆ వేళకు కాళ్లు అక్కడికే పోతున్నాయి. నేను గెలిచాను కదా, మరి ఇల్లు ఎందుకిట్ల ఉంది?

లీదియా

*

జోగిపేట,
అక్టోబరు 27

బిడ్డా,

ఎక్కువ రాయను. వంటకాడ పప్పు మాడబెట్టిన, వార్డెనమ్మ తిట్టింది, పెదవులు చూసి తెల్సుకున్న.

ముసలాయన ఎట్లున్నడో పోయి చూసి రా. పగటిపూట పో, కిష్టాను ఎంబడి తీస్కపో. తింటున్నడా లేదా చూడు. మంచిగ చూడు. తమ్మున్ని పెట్టిన జాగ కూడ చూడు, ఎట్లున్నదో ఉన్నదున్నట్టు రాయి. ఏదీ దాచకు.

అనంతమ్మ

*

ఇబ్రహీంపట్నం,
నవంబరు 1

అత్తమ్మా,

ఏదీ దాచకు అన్నావు. దాచింది నువ్వు.

నిన్న మధ్యాహ్నం కిష్టా ఆటోలో పోయాను. బోనులో పులి ఇంకా పడలేదు, లోపల కట్టిన మేక అరిచి అరిచి గొంతు పోయి ఉంది. షెడ్డు చుట్టూ కుక్కలు లేవు. తాత అన్నం పెట్టడం ఆపలేదట, తన గంజిలోనే సగం పోశాడట. అవే ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. కొన్ని పారిపోయాయి, కొన్నింటిని అది తీసుకుపోయింది. ఎర్ర కుక్క ఒక్కటే మిగిలింది. దాన్ని షెడ్డు లోపల మంచం కోడుకు కట్టేసుకున్నాడు. రేకు తలుపు కింది అంచు బయటి నుంచి లోపలికి వంగి ఉంది. ఆ వంపు చూసి కిష్టా ఆటో దిగలేదు. "అక్కా, జల్ది" అని హారన్ కొడుతూనే ఉన్నాడు.

తాత సగమైపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నేను ఏడ్చాను. "అమ్మ కాలు బాగానే ఉంది తాతా, అబద్ధం చెప్పిన" అన్నాను.

"నాకు తెల్సు. కాలు నొప్పయితె మీ అమ్మ కుంటుకుంట వస్తది" అన్నాడు.

బాపు సమాధి దగ్గరికి తీసుకుపోయాడు. చుట్టూ ఎర్ర గుడ్డలు కట్టిన కట్టెలు పాతారు. రోడ్డు గీత బాపు మీదుగా పోతుందట. కంపెనీ మేనేజర్ వచ్చి మర్యాదగానే చెప్పాడట, "నువ్వున్నన్ని రోజులు ముట్టం పెద్దాయనా, నువ్వు లేచిన నాడు చదును చేస్తం" అని.

"అయితే లేవండి తాతా" అన్నాను. "ఆ తలుపు చూడండి. ఈసారి మీరే. ఎల్బీనగర్ పోండి."

అప్పుడు చెప్పాడు. "మీ అత్తకు మాటిచ్చిన గద బిడ్డా. ఆమె వచ్చిన నాడు నా రెండు చేతులు పట్టుకొని ఇడువలే. 'కాకా, మా తమ్మున్ని ఒక్కన్ని చెయ్యకు' అన్నది. చెయ్య అన్న. నా నోటితోటి అన్న."

నాలుగేళ్లుగా ఆయన ఆ షెడ్డులో ఎందుకున్నాడో మాకెవరికీ తెలియదు. నీకు తెలుసు. ఆగస్టులో నేను భయపడి రాసినప్పుడూ తెలుసు. ముసలాయన్ను లేపకుర్రి అని రాశావు. ముసలోల్లు జాగ మారితె నిలువరన్నావు.

అమ్మకు చెప్పాను. "నేను ఆయన రుణం తీరుస్తున్న అనుకున్న. ఆయన ఇంకా ఇచ్చుకుంటనే ఉన్నడు" అంది. "నువ్వే పోయి లెమ్మని చెప్పమ్మా, ఆ సమాధి నీ భర్తది" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "మాట తీసుకున్నది మీ అత్తమ్మ. ఆమె తమ్ముడు. చివరికి ముఖం కూడ చూసుకోలేదు. నేనెట్ల ఇడిపిస్త?"

కాబట్టి నువ్వే చెప్పాలి. ఉత్తరం నాలుగు రోజులకు చేరుతుంది, జవాబు ఇంకో నాలుగు. ఆ తలుపు అన్నాళ్లు ఆగుతుందో లేదో నాకు తెలియదు. అమ్మ మళ్లీ సద్ది కట్టింది. ఒక మనిషికి సరిపడా. నేను కిష్టాతో పోయి, తాత తినేదాకా పక్కన కూర్చొని, గిన్నె తీసుకొని వస్తున్నాను. కమాను దగ్గర ప్రతిసారీ వెనక్కి తిరిగిపోదామనిపిస్తుంది. అయినా పోతున్నాను.

లీదియా

*

జోగిపేట,
నవంబరు 8

బిడ్డా,

నువ్వు రాసింది నిజమే.

తమ్ముడు పోయిన నాడు బస్సులు లేవు. హాస్టల్ గేటు దాటనియ్యలే. నేను పెద్దదాన్ని, ఎత్తుకొని పెంచినదాన్ని, పిడికెడు మన్ను ఎయ్యలే. తర్వాత వచ్చి చూస్తె ఆ మూలకు ఒక్కడే ఉన్నడు. చుట్టూ మనోల్లు ఎవ్వరు లేరు. నాకు భయమైంది. సచ్చినోనికి ఏం భయముంటది, నాకే. ఎదురుంగ నారయ్య కాక కనపడ్డడు. అడిగిన. ఆయన అంతకుముందే జాగ ఇచ్చిండు, ట్రాక్టర్ ఇచ్చిండు, ధైర్యం ఇచ్చిండు. ఇచ్చేటోని కాడ ఇంకింత అడుగుడు నాకు తప్పనిపించలే. థ్యాంక్స్ చెప్పాల్సిన నోటితోటి ఇంకొకటి అడిగిన.

ఇక్కడ మూడు పూటల పిల్లలు కండ్లు మూసి అన్నానికి స్తోత్రం చెప్తరు. నాకు ఇనబడది, పెదవులు చూసి ఆమెన్ అంట. నీ ఉత్తరం వచ్చినంక అననీకి నోరు రాలే.

పాస్టరయ్య తమ్మున్ని అక్కడికెల్లి తీసి వేరే కాడ పెడ్దామంటడేమో. వద్దు. పండుకున్నోన్ని లేపకుర్రి.

ఇంకొకటి అడుగుత, కోపం తెచ్చుకోకు. ఇన్నేండ్లు ఆయనకు సద్ది మోసిర్రు. ఒక్కనాడన్న మా ఇంటికొచ్చి తినమని పిలిచిర్రా? పిలువలే. ఎందుకో నాకు తెల్సు. పొలంల ఎవ్వరు చూడరు, తింటడు. మన వాడకు, మన ఇంటికి రమ్మంటె రాను అంటడేమో అని. ఆ మాట ఇనుడుకన్న పులి నయమనిపించింది మీ అమ్మకు. నాకైనా అంతే.

కింద రాసింది ఆయనకు చదివి ఇనిపియ్యి.

"నారయ్య కాకకు అనంతమ్మ దండాలు. కాకా, నేను నిన్ను అడగరానిది అడిగిన. నువ్వు కాదనలే. నాలుగేండ్లు మా తమ్మునికి తోడున్నవ్. సాలు. నీ మాట నీకు వాపస్ ఇస్తున్న. మన్ను కాడ కావలి వద్దు కాకా, నువ్వు గావాలె. లేచి రా. మాణిక్యం ఇంట్ల అన్నం తిను."

చదివేటప్పుడు ఏడ్వకు. ఆయనకు సరిగ్గ అర్థం గావాలె.

అనంతమ్మ

*

ఇబ్రహీంపట్నం,
నవంబరు 30

అత్తమ్మా,

ఇది పెద్ద ఉత్తరం, కూర్చొని చదువు.

నీ కవరు అందిన మధ్యాహ్నమే అమ్మా నేనూ పోయాం. షెడ్డు ముందు నిలబడి చదివాను. ఏడవలేదు. తాత "మల్లొకసారి చదువు" అన్నాడు. మళ్లీ చదివాను.

"మీ అత్తకు చెవులు ఇనబడయి గద, నేను జవాబు చెప్తె ఎట్ల తెలుస్తది?"

"నేను రాస్త తాతా."

"అయితె రాయి. నాకు మస్తు భయమైందని రాయి. ఆ తలుపు గుద్దిన నాడు, అనంతమ్మకు మాట ఎందుకిచ్చిన్రా దేవుడా అనుకున్న అని రాయి. ఇచ్చినందుకు సిగ్గు లేదు గని, అట్ల అనుకున్నందుకు ఉన్నది."

రాశాను, అత్తమ్మా.

తర్వాత అమ్మ అడగాలి. అడగలేకపోయింది. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. బురదలో ఆ పాదముద్ర చూసిన రోజు కూడా ఆమె ముఖం అట్ల లేదు. చివరికి, "మామా, మా ఇల్లు తెల్సు గద" అంది.

"తెల్సు."

"రేపు మధ్యాహ్నం..."

తాత గుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన "చూస్త" అన్నాడు. అంతే. చూస్త అంటే రాననడమేనని మన వాడలో అందరికీ తెలుసు.

ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. పులి భయం ఒకటి, రేపటి భయం ఒకటి. మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి జొన్న రొట్టెలు చేసింది, పచ్చిపులుసు కలిపింది, అన్నం వండింది. చాప పరిచింది, తీసింది, కుర్చీ వేసింది, మళ్లీ చాప పరిచింది. "రాకుంటే?" అన్నాను. "రాకుంటే సద్ది కట్టుకొని పోదాం. ఇయ్యాల్టికి కోపం పెట్టుకుంటమా" అంది. కానీ గిన్నె ముట్టుకోలేదు.

మధ్యాహ్నం దాటుతుండగా భాగ్యక్క వాకిలి నుంచి అరిచింది. "లీదియా, నారయ్య తాత వస్తుండు! మెయిన్ రోడ్డు మీదికెల్లి నడుచుకుంట వస్తుండు! కుక్కను పట్టుకొని!"

ఆటోలో రాలేదు. చాటుగా వెనక దారిన కూడా రాలేదు. వాళ్ల మనుషులుండే వీధిలోంచి, పాన్ డబ్బా ముందు నుంచి, కట్టె పట్టుకొని, ఇంకో చేత్తో ఎర్ర కుక్క తాడు పట్టుకొని నడిచి వచ్చాడు. వెనక ఎవరో "ఓ నారయ్యా, ఏడికి?" అని అడిగారు. "అన్నానికి" అన్నాడు, వీధంతా వినేలా.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆయన వంగి చెప్పులు విడిచి లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు.

"బాప్తిస్మం ఇస్తరా ఏంది, ఇంత తయారుగ కూసున్నరు?"

"రొట్టె ఇస్త మామా, తిను" అంది అమ్మ. వడ్డిస్తుంటే పచ్చిపులుసు చాప మీద ఒలికింది.

ఆయన మళ్లీ ఆ షెడ్డుకు పోలేదు. జగదీశ్వర్ వచ్చి ఎల్బీనగర్ రమ్మన్నాడు, పోలేదు. ఇన్నాళ్లూ మూసి ఉన్న బాపు మోటార్ రిపేరు షాపు షట్టర్ ఎత్తి, లోపలి సామాన్లు ఒక పక్కకు జరిపి మంచం వేశాం. వాడలో మాటలు మొదలయ్యాయి, ఆయన వాళ్ల వీధిలో ఇంకా ఎక్కువ. ఒకాయన షాపు ముందు నిలబడి "కులం చెడగొడుతున్నవ్" అని పోయాడు. తాత "అవ్" అన్నాడు. నాకు భయం పోలేదు అత్తమ్మా, అది వేషం మార్చుకుంది, అంతే. పులి ఇంకా దొరకలేదు. అమ్మ చేతులకు మాత్రం భయం పోయింది. భాగ్యక్క పిల్ల ఇప్పుడు ఇక్కడే తింటోంది.

నీకు రాయాల్సింది ఇది కాదు. ఇప్పటిదాకా వాయిదా వేస్తున్నాను.

నిన్న బాపు జాగ చదును చేశారు. కంపెనీవాళ్లు ముందు రోజే కబురు పంపారు. మేం ముగ్గురం పోయాం. పాస్టరయ్య వస్తానని రాలేదు. జేసీబీ అప్పటికే వచ్చి ఉంది. ఇంజను చప్పుడుకు గుట్ట కూడా కదులుతున్నట్టుంది. నీకు వినపడదని రాయకుండా ఉండను, అది పెద్ద జంతువు గురకలా ఉంది, నా కాళ్ల కింద నుంచి పైకి పాకింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. ప్రార్థన చేద్దామని నోరు తెరిచి, "స్తోత్రం" అని ఒక్క మాటే అంది. దేనికి స్తోత్రమో నేను అడగలేదు. తాత వైపు చూస్తూ అంది.

జేసీబీ కదిలింది. తాత కట్టె ఎత్తి దానికి ఎదురుపోయాడు. ఆపడానికనుకొని డ్రైవర్ విసుగ్గా కిందికి చూశాడు. నడివయసు మనిషి, నల్గొండ దిక్కు మాట.

"ఏంది పెద్దాయనా, నిన్న ఒప్పుకున్నరు గద?"

"ఆపుమంటలేను" అన్నాడు తాత. "జర మెల్లగ. కింద మనిషున్నడు."

డ్రైవర్ ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందో నీకు తెలుస్తుంది. దిగి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆ కొంచెం ఎత్తు మట్టి ముందు నిలబడ్డాడు.

"తల ఎటు దిక్కున్నది?" అని అడిగాడు.

తాత చూపించాడు. డ్రైవర్ మళ్లీ ఎక్కి, బండిని చుట్టూ తిప్పుకొచ్చి, కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టాడు.

నీ
లీదియా